నలభై రెండింట్లో ఒక్కటి



1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుంచి పల్లెప్రాంతాన్ని విడదీసి కొత్త జిల్లా చేశారు. మా ఇబ్రహీంపట్నం ఆ కొత్త జిల్లాలోకి వచ్చింది. దానికి కొండా వెంకట రంగారెడ్డిగారి పేరు పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి ఆయనకు స్వయానా మేనల్లుడు. కనుక ఆ పేరు ఎలా వచ్చిందని ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. అదే రోజున ఢిల్లీలో రాష్ట్రపతిగా ఉన్నాయన నీలం సంజీవరెడ్డి. రంగారెడ్డి, చెన్నారెడ్డి, సంజీవరెడ్డి ముగ్గురూ 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఒకే కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్లు. తెలంగాణలో ఆ కాగితం పేరు చెబితే ఇప్పటికీ వయసు మళ్లినవాళ్ల ముఖం మారుతుంది. అదే పెద్దమనుషుల ఒప్పందం.

ప్రతిపక్షంలో ఏళ్ల తరబడి ఉండి చివరికి దేశాధ్యక్షులైన వాళ్ల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఇలాంటి కథలు పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువ. సెనెగల్‌లో అబ్దులాయ్ వాడ్ 1974లో పార్టీ పెట్టి 1978, 1983, 1988, 1993 ఎన్నికల్లో వరసగా ఓడిపోయారు. 2000 సంవత్సరంలో మొదటి విడత పోలింగులో వెనకబడ్డా, రెండో విడతలో గెలిచి అధ్యక్షుడయ్యారు. పక్కనే గినీ దేశంలో అల్ఫా కొండేకు 1970లో ఆయన లేని కోర్టులోనే మరణశిక్ష వేశారు. తర్వాత మరో అధ్యక్షుడి కాలంలో జైలుకు వెళ్లారు. 2010లో గెలిచారు. ఆ ఇద్దరి కథా ఎలా ముగిసిందో కాస్త ఆగి చెబుతాను. ముందు మన ఇంటి కథ చూద్దాం. మన తెలుగునేల మీద ఆ దారిన నడిచి దేశంలో అత్యున్నత పదవికి చేరినాయన సంజీవరెడ్డే.

ఒక తేడా ముందే చెప్పుకోవాలి. సెనెగల్‌లో, గినీలో అధ్యక్షుడంటే ప్రభుత్వాన్ని నడిపే మనిషి. సైన్యం, ఖజానా, మంత్రులు అన్నీ ఆయన చేతి కింద. మన రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీద సంతకం పెట్టే పెద్ద. అయితే ఆ పెద్ద తన బుర్రతో నిర్ణయం తీసుకోవలసిన ఘడియ అప్పుడప్పుడూ వస్తుంది. ఏ పార్టీకీ మెజారిటీ లేనప్పుడు వస్తుంది. సంజీవరెడ్డికి అది 1979 ఆగస్టులో వచ్చింది.

ఆయన పుట్టింది 1913 మే 19న, అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో, కలిగిన రైతు కుటుంబంలో. మద్రాసులో అడయారు థియోసాఫికల్ హైస్కూలులోనూ, తర్వాత అనంతపురం ప్రభుత్వ కళాశాలలోనూ చదువుకున్నారు. 1929లో గాంధీగారు అనంతపురం వచ్చినప్పటి నుంచి ఆయన మనసు పుస్తకాల మీద నిలవలేదు. 1931లో చదువు మానేసి కాంగ్రెసు పనిలో దిగారు. 1940 నుంచి 1945 మధ్య ఎక్కువ కాలం జైళ్లలోనే గడిచింది. అమరావతి జైలులో ఆయనతో పాటు ఉన్నవాళ్లు ప్రకాశం పంతులుగారు, సత్యమూర్తి, కామరాజ్, వి.వి.గిరి. ఇది మహారాష్ట్రలోని అమరావతి, మనది కాదు. గిరిగారి పేరు మాత్రం గుర్తుంచుకోండి. పాతికేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

ఈ కథలో ఇంకో ప్రతిపక్షం వాళ్ల ఇంట్లోనే ఉంది. సంజీవరెడ్డి భార్య నాగరత్నమ్మగారి సోదరుడు తరిమెల నాగిరెడ్డి, కమ్యూనిస్టు. 1952లో మద్రాసు శాసనసభకు జరిగిన ఎన్నికల్లో అనంతపురంలో బావామరుదులు ఒకరి మీద ఒకరు నిలబడితే నాగిరెడ్డి గెలిచారు. అప్పటికే సంజీవరెడ్డి మద్రాసులో మంత్రిగా చేసినవారు. ఎన్.జి.రంగాగారి మీద పోటీ చేసి ఆంధ్ర కాంగ్రెసు అధ్యక్షుడైనవారు. అంతటివాడు సొంత ఊరి దగ్గర బావమరిది చేతిలో ఓడిపోయాడు. అయినా రెండేళ్లు తిరక్కుండానే, 1953 అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే, ప్రకాశం మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రిగా కూర్చున్నారు. 1955లో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయినప్పుడూ ఉపముఖ్యమంత్రి ఆయనే.

ఈ మాట మనవాళ్లు బాగా వినాలి. ఎందుకంటే మూడేళ్లు ఉపముఖ్యమంత్రిగా పనిచేసిన ఈ మనిషే, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కు మొదటి ముఖ్యమంత్రి కాగానే, ఉపముఖ్యమంత్రి పదవి చేతికి ఆరో వేలు లాంటిది అన్నారు. అక్కర్లేదన్నారు. ముఖ్యమంత్రి ఆంధ్ర వాడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణ వాడు కావాలని పెద్దమనుషుల ఒప్పందంలో ఉంది. సంతకం ఆరి తొమ్మిది నెలలు కాలేదు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి.నరసింగరావు సంతకాలు పెట్టారు. ఆంధ్ర తరఫున గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. రాష్ట్రాల పునర్విభజన సంఘమేమో 1961, 62 ఎన్నికల దాకా తెలంగాణ వేరుగా ఉండి, ఆ తర్వాత ఇష్టమైతే కలవవచ్చని చెప్పింది. ఆ దారి కాదని ఈ ఒప్పందాన్ని నమ్మి కలిశారు. నమ్మినవాళ్లకు దక్కిన మొదటి జవాబు ఆ ఆరో వేలు. రంగారెడ్డిగారు తర్వాతి రోజుల్లో ఉపముఖ్యమంత్రి అయ్యారు, నిజమే. కానీ అన్న మాట అన్నట్టే మిగిలింది. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం మన పిల్లలు వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ మాటను ప్రతి సభలోనూ తవ్వి తీశారు.

సంజీవరెడ్డిని ఆ ఒక్క మాటతో కొలిచి పక్కన పెట్టేయడం నాకిష్టం లేదు. అలా పెట్టేస్తే ఆయనలో మిగిలిన మనిషి కనిపించడు. పదవి పట్టుకున్న తీరులో ఎంత మొరటుతనం ఉందో, వదిలిన తీరులో అంత పెద్దరికం ఉంది. ఈ సంగతి చెప్పాలనే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

1960లో అఖిలభారత కాంగ్రెసు అధ్యక్షుడు కావడానికి ముఖ్యమంత్రి పదవి వదిలారు. దామోదరం సంజీవయ్యగారు ఆయన తర్వాత వచ్చారు. 1962లో తిరిగి వచ్చి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అప్పుడొచ్చింది బస్సుల కేసు. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను ప్రభుత్వం తీసుకోవాలనుకుంది. తన రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికే ముఖ్యమంత్రి ఆ రూట్లు ఎంచారని బస్సుల యజమానులు ఆరోపించారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఆరోపణను కాదంటూ ముఖ్యమంత్రి ప్రమాణపత్రం దాఖలు చేయలేదని కోర్టు ఎత్తిచూపి, ప్రభుత్వ నిర్ణయాన్ని కొట్టివేసింది. రాజీనామా చేయమని ఏ న్యాయమూర్తీ అనలేదు. తీర్పులో ప్రమాణపత్రం గురించిన ఆ వ్యాఖ్య రాగానే ఆయన కుర్చీ దిగిపోయారు. అది 1964 ఫిబ్రవరి. కోర్టు వ్యాఖ్య మీద ముఖ్యమంత్రి దిగిపోవడం ఆ రోజుల్లో కూడా వింతే. ఈ రోజుల సంగతి మీకు నేను చెప్పాలా!

ఆ తర్వాత కేంద్రంలో ప్రధాని శాస్త్రిగారి దగ్గర ఉక్కు, గనులు చూశారు. ఇందిరాగాంధీ దగ్గర రవాణా, విమానయానం చూశారు. 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచి స్పీకరయ్యారు. స్పీకరు కాగానే కాంగ్రెసు సభ్యత్వానికి రాజీనామా ఇచ్చారు. అంతకుముందు ఏ స్పీకరూ ఆ పని చేయలేదు. సభలో అందరివాడుగా ఉండాలంటే ఏ పార్టీ చీటీ జేబులో ఉండకూడదని ఆయన పట్టు.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ కన్నుమూశారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న వి.వి.గిరి తాత్కాలికంగా ఆ బాధ్యత చూస్తున్నారు. జూలైలో బెంగళూరులో కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు సంజీవరెడ్డిని అభ్యర్థిగా ఎంపిక చేసింది. ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. సిండికేటు అని పిలిచే పాత నాయకుల బృందం తన నెత్తిన ఒక రాష్ట్రపతిని కూర్చోబెడుతోందని ఆమె అనుమానం. అయినా నామినేషన్ పత్రం మీద సంతకం పెట్టారు. జూలై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేశారు. అదే రోజు సంజీవరెడ్డి స్పీకరు పదవి వదిలారు. మర్నాడు గిరి తన పదవి వదిలి స్వతంత్ర అభ్యర్థిగా దిగారు. ప్రధాని మాత్రం మీ మీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయండని పార్టీవాళ్లకు చెప్పారు. తాను సంతకం పెట్టిన అభ్యర్థికి తానే ఎసరు పెట్టారన్నమాట.

ఆగస్టు 16న పోలింగు. 20న లెక్కింపు. గెలవడానికి 4,18,169 ఓట్ల విలువ కావాలి. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, జనసంఘ్, స్వతంత్ర పార్టీలు నిలబెట్టిన సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ చాలలేదు. చిన్న అభ్యర్థులను ఒక్కొక్కరిని తీసేస్తూ, చివరకు దేశ్‌ముఖ్‌నూ తీసేసి, రెండో ప్రాధాన్య ఓట్లు పంచితే గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్లింది ఆ ఒక్కసారే. పోటీలో నిలిచిన ఇద్దరూ తెలుగువాళ్లు, ఇద్దరూ ఒకప్పుడు ఒకే జైలులో ఉన్నవాళ్లు. ఆ ఏడాది నవంబరుకల్లా కాంగ్రెసు రెండు ముక్కలైంది. సంజీవరెడ్డి ఓటమిలో చీలిపోయింది ఆయన పుట్టి పెరిగిన పార్టీయే.

అప్పుడాయనకు యాభై ఆరేళ్లు. మరొకరైతే ఢిల్లీలోనే ఉండి ఎవరి గుమ్మంలోనో పడిగాపులు కాసేవారు. ఆయన అనంతపురం తిరిగివెళ్లి వ్యవసాయంలో పడ్డారు. అదే 1969లో ఆయన బావమరిది నాగిరెడ్డి శాసనసభ్యత్వం వదిలేసి, ఈ చట్టసభల వల్ల పేదవాడికి ఒరిగేది లేదని వేరే దారి పట్టారు. 'తాకట్టులో భారతదేశం' ఆయన రాసిందే. అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1976 జూలైలో, అజ్ఞాతంలోనే చనిపోయారు. ఒకే ఏడు బావ రాష్ట్రపతి భవన్ గుమ్మం దగ్గర ఓడి ఊరికి వచ్చాడు, బావమరిది శాసనసభ గుమ్మం దాటి అడవి దారి చూశాడు. ప్రతిపక్షం అన్నది ఒక్క రకంగా ఉండదు.

1975 మే 1న హైదరాబాదులో, ఇందిరాగాంధీ ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్న జయప్రకాశ్ నారాయణ్ సభ జరిగింది. ఆ వేదిక మీద సంజీవరెడ్డి మళ్లీ కనిపించారు. రెండు నెలలు తిరక్కుండా అత్యవసర పరిస్థితి వచ్చింది. 1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించగానే నాలుగు పార్టీలు కలిసి జనతా పార్టీ అయ్యాయి. ఆయన నంద్యాల నుంచి నిలబడ్డారు.

ఉత్తరాదిలో కాంగ్రెసు తుడిచిపెట్టుకుపోయింది. ఇందిరాగాంధీ తన రాయ్‌బరేలీలోనే ఓడారు. మన దగ్గర మాత్రం గాలి పూర్తిగా ఎదురు. ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాలుంటే 41 కాంగ్రెసువి. మిగిలిన ఒక్కటి నంద్యాల. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లతో ఉత్తరాది పల్లెలు అల్లాడినట్టు మన పల్లెలు అల్లాడలేదు. ఇందిరమ్మ పేరు చెబితే ఇళ్ల స్థలాలూ, భూపరిమితి చట్టమూ గుర్తుకొచ్చేవి. కాబట్టి సంజీవరెడ్డి ప్రతిపక్షం నుంచి అధ్యక్షుడయ్యారంటే మన రాష్ట్రం ఆయన వెంట నిలబడి పంపిందని అనుకోకండి. మన రాష్ట్రం పంపింది ఒక్క సీటు. దేశం తిరగబడింది కనుక ఆ ఒక్క సీటుకే విలువ వచ్చింది. వాడ్‌కు తన దేశపు ఓటర్లే రెండో విడతలో గద్దె ఇచ్చారు. సంజీవరెడ్డికి గద్దె ఇచ్చింది తనకు పరిచయం లేని బీహారు, ఉత్తరప్రదేశ్ ఓటర్లు.

మార్చి 26న ఏకగ్రీవంగా మళ్లీ స్పీకరయ్యారు. రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఫిబ్రవరిలోనే పోయారు. ప్రధాని మొరార్జీ దేశాయి మనసులో ఉన్నది సంజీవరెడ్డి కాదు, నృత్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. ఆమె వద్దన్నారు. ఆమె కళాక్షేత్రం మొలకెత్తింది కూడా అడయారు థియోసాఫికల్ సమాజంలోనే. ఒక అడయారు మనిషి కాదంటే ఇంకో అడయారు విద్యార్థికి దారి దొరికింది. 37 నామినేషన్లు దాఖలైతే 36 చెల్లలేదు. ఎనిమిదేళ్ల క్రితం 14,650 ఓట్ల విలువతో ఓడినాయన ఒక్క ఓటూ పడకుండా గెలిచారు. 1969లో ఆయన్ని ఓడించిన కాంగ్రెసు కూడా ఈసారి ఎదురు నిలబడలేదు. పోటీ లేకుండా రాష్ట్రపతి అయినాయన ఇప్పటిదాకా ఆయనొక్కరే. 1977 జూలై 25న ప్రమాణం చేశారు. వయసు 64. అంత చిన్న వయసులో అప్పటిదాకా ఎవరూ ఆ పదవికి రాలేదు. 2022లో ద్రౌపది ముర్ముగారు కొద్ది రోజుల తేడాతో ఆ రికార్డు తీసుకున్నారు. పదవికి వచ్చిన కొత్తల్లోనే జీతంలో నూటికి డెబ్భై వంతులు వద్దన్నారు. రాష్ట్రపతి భవన్ వదిలి చిన్న ఇంట్లోకి వెళ్తానని ప్రకటించారు.

ఇక 1979. జనతా పార్టీ కీచులాటలతో చీలింది. జూలై 15న మొరార్జీ రాజీనామా చేశారు. రాష్ట్రపతి మొదట ప్రతిపక్ష నాయకుడు చవాన్‌ను పిలిచారు. ఆయన వల్ల కాలేదు. మొరార్జీని, చరణ్ సింగ్‌ను బలం ఉన్నవారి జాబితాలు ఇమ్మన్నారు. చరణ్ సింగ్ ప్రధానిగా ప్రమాణం చేశారు. ఆగస్టు నెలాఖరులోగా లోక్‌సభలో బలం చూపాలని గడువు. బయటి నుంచి మద్దతిస్తానన్న ఇందిరాగాంధీ వెనక్కి తీసుకున్నారు. ఆగస్టు 20న, సభ ముఖం చూడకుండానే, చరణ్ సింగ్ రాజీనామా ఇచ్చి, లోక్‌సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. అప్పటికి జనతా నాయకుడు జగ్జీవన్ రామ్. తనకు అవకాశం ఇవ్వమన్నారు. ఒక దళితుడు ఈ దేశానికి ప్రధాని అయ్యే దారి అప్పుడొక్కసారి తెరుచుకుంది. రెండు రోజుల్లో, ఆగస్టు 22న, సంజీవరెడ్డి సభను రద్దు చేశారు.

ఫిరాయింపులతో మరో బలహీన ప్రభుత్వం ఏర్పడడం కన్నా ప్రజల దగ్గరకు వెళ్లడమే మేలనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. నాకు మాత్రం అది సరిగా తోచదు. ఒక్కరోజూ సభకు వెళ్లని ప్రధాని ఇచ్చిన సలహాకు రాష్ట్రపతి కట్టుబడి ఉండనక్కర్లేదు. చవాన్‌కు ఇచ్చిన అవకాశం జగ్జీవన్ రామ్‌కు ఎందుకు ఇవ్వలేదు? బలం లేకపోతే సభలో తేలేది కదా. 1956లో కాగితం మీద ఉన్న మాటను పక్కన పెట్టిన మనిషే ఇక్కడా కనిపిస్తాడు నాకు. నిర్ణయం తన చేతిలో ఉన్నప్పుడు ఎదుటివాడికి చోటివ్వడం ఆయనకు కష్టం. నిర్ణయం ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు, అంటే కోర్టు తీర్పులోనో ఓట్ల లెక్కలోనో ఉన్నప్పుడు, మారుమాట లేకుండా తల వంచగలడు.

1980 జనవరిలో ఇందిరాగాంధీ మళ్లీ గెలిచారు. జనవరి 14న ఆమె చేత ప్రధానిగా ప్రమాణం చేయించింది, 1969లో ఆమె ఓడించిన సంజీవరెడ్డే. రెండున్నరేళ్లు ఇద్దరూ ఆ పదవుల్లో ఉన్నారు. 1982 జూలైలో గడువు తీరగానే ఆయన రాష్ట్రపతి భవన్ నుంచి బయటకు వచ్చారు. జైల్ సింగ్ లోపలికి వెళ్లారు. మళ్లీ పోటీ, కొత్త పార్టీ, కొడుకు కోసం సీటు, ఆయన వీటి జోలికి పోలేదు. 1989లో ఆత్మకథ వచ్చింది. 1996 జూన్ 1న బెంగళూరులో కన్నుమూశారు. శ్రీశైలం జలాశయానికి ఆయన పేరు పెట్టారు.

ఇప్పుడు ఆఫ్రికా కథల చివర చెబుతాను. ముసలి వాడ్ రెండుసార్లు గెలిచాక మూడోసారీ కావాలన్నారు. 2012లో తన దగ్గర ప్రధానిగా చేసిన మాకీ సాల్ చేతిలో ఓడారు. కొండే రెండు విడతల తర్వాత రాజ్యాంగాన్నే మార్చి 2020లో మూడోసారి గెలిచారు. 2021 సెప్టెంబరు 5న సైనికులు ఆయన్ని పట్టుకుపోయారు. నలభై ఏళ్లు ప్రజాస్వామ్యం కోసం పోరాడానన్న మనిషి చివరికి ఆ స్థితికి వచ్చారు. ఈ ఇద్దరి పక్కన సంజీవరెడ్డిని నిలబెడితే, ఆరో వేలు అన్న నోటి మీద కోపం ఉన్న నాలాంటి తెలంగాణ వాడికి కూడా, 1964 రాజీనామా, 1969 ఓటమి తర్వాతి మౌనం, 1982 సెలవు గౌరవంగానే కనిపిస్తాయి.

మా ఇబ్రహీంపట్నంలోనూ, సాగర్ రోడ్డు పొడవునా ఉన్న ఊళ్లలోనూ 1969లో లాఠీదెబ్బలు తిన్నవాళ్లు, 1977లో ఓటేసినవాళ్లు ఇంకా ఉన్నారు. కాలేజీల్లో రాజనీతిశాస్త్రం చదివే పిల్లలకు నాదొక విన్నపం. పెద్దమనుషుల ఒప్పందం పూర్తి పాఠం తెచ్చి చదవండి. రెండు మూడు పేజీలకు మించదు. చదివాక మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని ఆ రెండు సంవత్సరాల సంగతి అడగండి. వాళ్లు చెప్పింది రాసి పెట్టండి. ఆలస్యం చేస్తే అడగడానికి మనుషులుండరు.